నాలుగో జ్వరం లేచిన మర్నాడు

"పురుగుకు ఆకేసినావేమ్మే?"

"యేసినానత్తా, నువ్వు పండుకో."

మా అత్తా నేనూ చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. ఆమె తల అటు తిప్పుకుని కండ్లు మూసుకుంది, మధ్యాహ్నానికి పోయింది. అప్పటికి మేము రేష్మె పురుగు, అదే పట్టుపురుగు, మేపడం మానుకుని ఎనిమిదేండ్లయింది. తట్టలన్నీ అటక మీద బూజు పట్టి ఉండాయి, ఆకుతోట పీకించి టమాటా పెట్టినాము. ఆమెకు ఆ సంగతి గుర్తులేదు, నేను గుర్తు చేయనూ లేదు. ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పటినుంచి ఆమెతో నేనాడిన అబద్ధం అదొక్కటే. ఆమె కూడా నా కోసం ఒక అబద్ధం ఆడింది, కాకపోతే అది కోలారు కోర్టులో, జడ్జి ఎదుట, దేవుని మీద ప్రమాణం చేసి మరీ ఆడింది. ఆ ఒక్క అబద్ధంతో ఒక మనిషి ప్రాణం పోవాల్సింది. అది చెబుదామనే మా మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని రాయిస్తాండాను. నాకు సంతకం పెట్టేదానికి మించి అక్షరం రాదు, ఆ సంతకమూ మా ఆయన నేర్పించిందే.

ఇప్పుడెందుకు ఇది గుర్తుకొచ్చిందంటే, పోయిన వారం చిక్కబళ్ళాపురంలో మా కూతురింట్లో టీవీ చూస్తాంటి. యాడనో ఎవర్నో చంపినారంట, కోర్టులో కేసు నడుస్తాందంట, నలుగురు కోట్లు తొడుక్కుని కూర్చుని ఒకరి మాట ఒకరిని విననీకుండా అరుస్తాండారు. మొదట ఒకటి చెప్పి తర్వాత ఇంకొకటి చెప్పిన సాక్షి మాట ఎట్లా నమ్మేది అని ఒకాయన బల్ల గుద్దినాడు. మా అల్లుడు కూర్చున్న చోటినుంచి కదలకుండా, ఆ సాక్షి అమ్ముడుపోయినాడు అన్నాడు. నా చేతిలో కాఫీ లోటా అట్లే నిలిచిపోయింది. మాట మార్చిన సాక్షికి కోడలిని నేను. నేనూ ఒక సాక్షినే. మా ఇద్దరినీ ఎవరూ కొనలేదు, కొనేదానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు కూడా.

నా ఈడువాళ్ళు దీన్ని చదివినా, నా మాదిరే ఎవరిచేతనైనా చదివించుకుని విన్నా, ఆ కాలం గుర్తుకు తెచ్చుకోండి. ఇంకా మైసూరు రాజ్యమనే అనుకునేవాళ్ళం. మా ఊరు దిబ్బూరహళ్ళికి రెండు మైళ్ళు. మగవాళ్ళకు వారాలూ తిథులూ తెలిసేవి, సంతకూ కోర్టుకూ పోయేది వాళ్ళే కదా. ఆడవాళ్ళకు మాత్రం పురుగే పంచాంగం. ఊరంతా ఒకే సంతలో గుడ్ల కాగితాలు తెచ్చుకునేవాళ్ళు కాబట్టి ఇంటింటా పురుగు ఒకే దినం పుట్టేది, ఒకే దినం పెరిగేది. పురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఉండి, పాత చర్మం విడిచి లేస్తుంది. దాన్ని మా పక్క జ్వరం అంటారు. రెండో జ్వరంలో ఉన్నప్పుడు వాన పడింది, మూడో జ్వరం లేచిన దినం ఫలానా ఇంట్లో పిల్ల పుట్టింది, ఇట్లా ఉండేది మా లెక్క. ఎవరు చెప్పినా అందరికీ అర్థమయ్యేది. నాలుగో జ్వరం లేచినాక ఇంక చూడాల్సిన పని లేదు, ఎంత ఆకేసినా చాలదు, వాన కురిసినట్టు నములుతాయి, పొద్దు పొడవకముందే తోటకు పోవాల.

నేను కెంచార్లహళ్ళి పిల్లను. పెండ్లయి ఆ ఊరికి వచ్చినాక నా చేతి మీద మొదటి పంట పెట్టినారు. పురుగుల తట్టలు పెట్టే కొయ్య స్టాండు నాలుగు కాళ్ళ కింద నాలుగు మట్టి మూకుళ్ళు పెట్టి, వాటిలో ఎప్పుడూ నీళ్ళు ఉంచాల. నీళ్ళు దాటి చీమ ఎక్కలేదు. అత్త నాకు అప్పగించిన పనులన్నిటిలోకీ చిన్న పని అదే. అదే మరిచిపోయినాను. ఒకే ఒక్క మూకుడు ఎండిపోయింది. పొద్దున తలుపు తీసి చూస్తే తట్టలన్నీ నల్లగా కదులుతాండాయి, వేలు గోరంత కూడా లేని పసి పురుగులు, ఒక్కటీ మిగల్లేదు. నేను గడపలోనే కూలబడినాను. కోడలి చేతిలో మొదటి పంట పోయిందంటే ఆ దినాల్లో ఊరు ఊరకే ఉండదు. దాని చెయ్యి మంచిది కాదు అంటారు, ఇంకెవరూ వాళ్ళ పురుగుల గదిలోకి అడుగు పెట్టనీరు, ఆకు ముట్టనీరు. ఆ మాట ఒకసారి పడిందంటే చచ్చేదాకా పోదు.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. గది తలుపు మూసింది. దిష్టి తగులుతుందని పరాయివాళ్ళను ఎటూ రానియ్యరు కాబట్టి మూసిన తలుపు ఎవరికీ వింత కాదు. మా ఆయనను పిలిచి కెంచార్లహళ్ళికి పంపించింది. మా పుట్టింటి పక్క గుడ్లు నాలుగు దినాలు ఆలస్యంగా తెచ్చుకున్నారు, మా అమ్మ ఒక బుట్టెడు పురుగు ఇచ్చింది. మా ఆయన దాని మీద తడిగుడ్డ కప్పి, ఒళ్ళో పెట్టుకుని, బస్సులో కండక్టరు అడిగితే తమలపాకులని చెప్పి తెచ్చినాడు. అట్లా ఊరి పురుగుకంటే మా ఇంటి పురుగు నాలుగు దినాలు చిన్నది. ఈ సంగతి ఊర్లో మా నలుగురికే, అంటే అత్తకూ మామకూ మా ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు. అత్త దాన్ని ఎంత బాగా పూడ్చిపెట్టిందంటే, కొన్ని దినాలకు ఆమే మరిచిపోయింది.

ఆ పంటలోనే అత్త వాళ్ళన్నను చంపినారు. తోడబుట్టినవాడు కాదు, పెదనాయన కొడుకు, అయినా ఈమెకు పుట్టింటివాళ్ళంటే ఆయనొక్కడే, అదే ఊర్లో పైవీధిలో ఉండేవాడు. ఒక శనివారం తెల్లవారక ముందే చింతామణికి పోతానని బయలుదేరినాడంట. ఎన్నాళ్ళకూ రాకపోతే కూతురింట్లో ఉండాడేమోలే అనుకుంది వాళ్ళ పెండ్లాం. పది పదకొండు దినాలకు, మా ఇంట్లో పురుగు అప్పుడే గూడు కట్టడం మొదలుపెట్టింది, ఊరి బయట పాడుబడిన బావిలో కనిపించినాడు. తల వెనక గొడ్డలి దెబ్బ. అత్త ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది, అది నేను రాయించలేను.

అనుమానం ఒకాయన మీదనే పోయింది, పేరెందుకు, ఆయప్ప అంటాను. అత్త వాళ్ళన్నకూ ఆయప్పకూ ఒకే బావి పొత్తులో ఉండేది, ఎద్దులతో నీళ్ళు తోడే కపిలి వంతు దగ్గర ఎప్పుడూ తగవే, ఒకసారి నలుగురిలో, నిన్ను ఈ నీళ్ళలోనే తొక్కేస్తాను అని కూడా అనినాడు. మా ఇంటికీ ఆయప్పకూ మాటల్లేవు, ఆయప్ప ఎద్దులు రెండుసార్లు మా ఆకుతోట మేసిపోయినాయి. శనివారం నేను ఊర్లోనే లేను, బాగేపల్లి దగ్గర పరగోడులో మా బామ్మర్ది ఇంట్లో ఉంటిని అని ఆయప్ప మొత్తుకున్నాడు. బామ్మర్ది సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

ఊరికి పోలీసు దఫేదారు వచ్చినాడు. ఏమన్నా చూసినావా అని అత్తను అడిగినాడు. చూసినాను సామీ అనింది అత్త. పొద్దున్నే ఆకు కోసేదానికి పోతాంటే పాడుబావి మీద ఆయప్ప కంప కప్పుతాండాడు, నన్ను చూసి తల దించుకున్నాడు అని చెప్పింది. ఎప్పుడు? మా పురుగు నాలుగో జ్వరం లేచిన మర్నాడు సామీ. దఫేదారు కూడా మా పక్క మనిషే, ఆ లెక్క ఆయనకు తెలుసు, కానీ దినం ఖాయం చేసుకోవాల కదా, గోడవతల ఉండే పక్కింటి అవ్వను అడిగినాడు, పురుగు నాలుగో జ్వరం ఎప్పుడు లేచింది అని. ఊరంతా శుక్రవారమే సామీ అనింది అవ్వ. మర్నాడంటే శనివారం. దఫేదారు శనివారం అని రాసుకున్నాడు, అత్త వేలిముద్ర వేసింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు చూడండి. అత్తదీ నిజమే, అవ్వదీ నిజమే. ఆ రెండు నిజాలు కలిపి ఆయప్పను తీసుకుపోయి జైల్లో పెట్టినారు.

చిక్కబళ్ళాపురం కోర్టులో ముందు విచారణ నడిచింది. అక్కడ బలముందని తేలితే కోలారు పెద్ద కోర్టుకు పంపుతారు, అక్కడ ఉరో, బతికినంత కాలం జైలో. వాయిదా ఉన్న దినం ఊర్లో సగం మంది మగవాళ్ళు పొద్దున బస్సుకే పోయేవాళ్ళు. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చేసరికి మిగిలిన సగం మంది కాఫీ హోటలు ముందర కాచుకుని ఉండేవాళ్ళు. మా ఆయనకు ఆ కళ ఉండేది. వకీలు ఎట్లా కోటు వెనక్కి లాక్కున్నాడు, సాక్షి ఎట్లా నీళ్ళు నమిలినాడు, జడ్జి ఎప్పుడు తుమ్మినాడు, అన్నీ ఆడి చూపించేవాడు. హోటలాయన కాఫీ అడక్కుండానే తెచ్చిచ్చేవాడు, కథ ఆగిపోతుందని. ఊరు రెండుగా చీలిపోయింది. చంపినోడు అంత పొద్దుటే వచ్చి కంప ఎందుకు కప్పుతాడు అని ఒకరంటే, కప్పక ఏం చేస్తాడు, మీ ఇంటికొచ్చి చెప్పిపోతాడా అని ఇంకొకరు. పరగోడునుంచి తిరిగొచ్చినాక, గొర్రెపిల్ల అంచుదాకా పోయిందని కప్పినానంటాండాడు కదా అని ఒకరు. ఎందుకు కప్పినావని అడిగితే గొర్రెపిల్లను ముందరికి నెట్టినాడు, దానికేమన్నా నోరుండాదా అని మరొకరు. ఎంత వాదులాడుకున్నా మళ్ళీ అందరూ ఒకే చోటికి వచ్చి నిలబడేవాళ్ళు: అన్నను పోగొట్టుకున్న ఆడమనిషి తన కండ్లతో చూసినానంటాంది, శనివారం పొద్దున, ఇంకేం కావాల?

ఆడవాళ్ళ కోర్టు వేరే. గూళ్ళ మీది పీచు వలిచేదానికి పదిమంది మా అరుగు మీద చేరేవాళ్ళు. అది తర్వాతి పంట గూడు. చేతులు గూళ్ళ మీద, నోరు కేసు మీద. మా ఆయన అటు పోతాంటే పక్కింటి అవ్వ కేకేసి, "ఏరా వకీలు, ఈపొద్దు నీ కోర్టు లేదా? రా, జడ్జి ఈడ కూర్చోనుండాది" అనేది. మా ఆయన ఊరకే ఉంటాడా, "నీ మాదిరి జడ్జి ఉంటే నేనే తప్పు ఒప్పుకుని జైలుకు పోతా అవ్వా" అనేవాడు. నేను లోపల గడప పక్కన కూర్చుని వినేదాన్ని. కొత్త కోడలిని, కడుపుతో మూడో నెల, పెద్దవాళ్ళ మధ్య నోరు తెరిచేది లేదు.

ఒక దినం ఎవరో, శుక్రవారమే లేచిందని అంత గట్టిగా ఎట్లా చెప్తావు అవ్వా అని అడిగినారు. అవ్వ గూడు కింద పెట్టి వేళ్ళు మడిచింది. "ఎట్లేమే? గురువారం మా పురుగంతా జ్వరంలో ఉంటే నేను తీరికగా తలకు పోసుకుంటిని. శుక్రవారం లేచినాయి, శనివారం నా నడుము ఇరిగింది ఆకు మోసి. మీ ఇండ్లల్లో కాదా?" అందరూ అవును అవును అన్నారు. అత్త కూడా, పీచు వలుస్తానే, అవును అనింది.

నేను గడప పక్కన మా ఇంటి లెక్క వేసుకుంటిని. ఆ శనివారం మా ఇంట్లో పురుగు మూడో జ్వరం లేచి, నాలుగోదానికి ఇంకా పోనేలేదు. ఊరంతా నడుములు విరిగేలా ఆకు మోస్తాంటే మా ఇంట్లో రెండు మోపులకే సరిపోయింది. మా పురుగు లేచింది మంగళవారం. అత్త తోటకు పోయి ఆయప్పను చూసింది బుధవారం. అన్న చనిపోయిన నాలుగు దినాలకు.

మూడు దినాలు నాకు అన్నం సయించలేదు. వేవిళ్ళనుకున్నారు. చెప్తే చీమల సంగతి బయటపడుతుంది, నా పేరు పోతుంది, అదొక్కటే కాదు, అన్న కోసం అంతగా ఏడ్చిన మనిషి నోటినుంచి ఆ సాక్ష్యం లాక్కోవాల. చెప్పకపోతే ఆయప్ప మెడకు తాడు. ఆయప్ప పెండ్లాం చంకలో బిడ్డను వేసుకుని మా వీధిలోనే నీళ్ళకు పోయేది, ఎవరూ పలకరించేవాళ్ళు కాదు, ఆమె కూడా తలెత్తేది కాదు. నాలుగో దినం పొద్దున ఆకుతోటలో, అత్తా నేనూ పక్కపక్క సాళ్ళలో ఆకు కోస్తాంటే, ఆమె ముఖం చూడకుండా చెప్పేసినాను. అత్తా, ఊరి పురుగు లేచింది శుక్రవారం, మనది మంగళవారం కదా.

అత్త చెయ్యి కొమ్మ మీదే నిలిచిపోయింది. పెదవులు కదులుతాండాయి, వేలి కణుపుల మీద బొటనవేలు నడుస్తాంది. లెక్క ముగిసినాక గట్టు మీద కూర్చుండిపోయింది, ఒడిలో ఆకంతా జారి కింద పడింది.

"మా అన్నను తినేసినోడని రోజూ దుమ్మెత్తి పోస్తాండానే ఆయప్పకు. ఇప్పుడు నా నోటితోనే ఇడిపించాల్నా?"

 మళ్ళీ ఆమే, "చీమల సంగతి చెప్పకుండా అయ్యేదిగాదు ఇది. ఊరు నిన్ను యేమంటుందో తెల్సునా?" అనింది.

"అనుకోనీలే అత్తా."

"నీకేం తెలుసు, నిన్న గాక మొన్న వచ్చినదానివి," అని లేచి, కింద పడిన ఆకు దులిపి మోపు కట్టుకుంది. ఇంటికొచ్చి మా ఆయనను పిలిచి, రేపు చింతామణిలో ఆయప్ప తరఫు వకీలు దగ్గరికి మమ్మల్నిద్దర్నీ తోడుకొని పోరా అనింది. మా ఆయన సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. ఊరంతటికీ కేసు విడమర్చి చెప్పిన మనిషి, ఆ పురుగును బుట్టలో పెట్టి తెచ్చిందే ఆయన, ఆయనకే తట్టలేదు.

వకీలు పెద్దమనిషి. కేసు కోలారుకు పోయింది, అక్కడ మీ ఇద్దరినీ సాక్షులుగా పిలిపిస్తాను, కానీ ఒక మాట, కోర్టులో మీరు చెప్పబోయేదాని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దు, కూడబలుక్కుని కంఠపాఠం చేసినారా అని అవతలి వకీలు అడుగుతాడు అన్నాడు. ఆయన చెప్పింది కేసు గురించి. మేము ఇద్దరమూ అదేమన్నా మడి అనుకున్నామో ఏమో, అసలు మాటలే మానేసినాము. కోలారు వాయిదాకు ముందు మూడు దినాలు ఇంట్లో ఉప్పు యాడుండాదని కూడా అడగలేదు. ఆమెకు చెంబు కావాలంటే మామకు సైగ చేసేది, మామ నాకు చెప్పేవాడు. బస్సులో ఆమె ముందర సీటు, నేను వెనక సీటు, నడుమ మా ఆయన, ఉడకబెట్టిన శెనక్కాయలు ఇటు కొన్ని అటు కొన్ని అందిస్తా. మామ మాత్రం ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నా పెండ్లయినప్పటినుంచి ఇంట్లో ఇంత నెమ్మది ఎప్పుడూ లేదు, కేసు ఇంకొన్నాళ్ళు జరిగినా బాగుండు అన్నాడు.

కోలారు కోర్టులో సాక్షులను బయట వసారాలో కూర్చోబెట్టినారు. మొదట అత్తను పిలిచినారు. లోపల ఏమి జరిగిందో నాకు తెలియదు, మా ఆయన తర్వాత చెప్పిందే. చీమలు పట్టినాయి, కెంచార్లహళ్ళినుంచి నాలుగు దినాల చిన్న పురుగు తెచ్చినాము, అందుకే మా ఇంట్లో నాలుగో జ్వరం లేచింది మంగళవారం, ఆయప్పను చూసింది బుధవారం అని అత్త తొణకకుండా చెప్పింది. సర్కారు వకీలు, ముప్పై ఏండ్లుగా పురుగు మేపే ఇంట్లో చీమలెట్లా పట్టినాయి, మూకుళ్ళలో నీళ్ళు పోయడం ఎవరు మరిచినారు అని అడిగినాడంట. అత్త, నేనే సామీ, నాకు మతిమరుపు అనింది.

తర్వాత నన్ను పిలిచినారు. అంతమంది మగవాళ్ళను ఒకేచోట నేను ఎప్పుడూ చూడలేదు.  ప్రమాణం చేయించినారు. అన్నీ అడిగినారు, అన్నీ చెప్పినాను. చివరికి సర్కారు వకీలు అదే మాట నన్నూ అడిగినాడు, నీళ్ళు పోయడం ఎవరు మరిచినారు అని. తల దించుకుని, నేనే సామీ అన్నాను.

ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. జడ్జి పక్క తిరిగి, చూడండి, అత్త తాను మరిచినానంటుంది, కోడలు తాను మరిచినానంటుంది, కట్టుకథకు కుట్టు ఊడిపోయింది, చీమలూ లేవు బుధవారమూ లేదు అన్నాడు. ముద్దాయి బోనులో ఆయప్ప కటకటాలు పట్టుకుని నన్నే చూస్తాండాడు. నా నోటితోనే ఆయప్పను చంపేసినానని నాకు అప్పుడు అర్థమైంది.

జడ్జి వయసుపోయినాయన, కన్నడ మాట్లాడే మనిషి. కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆ అత్తను మళ్ళీ లోపలికి పిలవండి అన్నాడు. అత్త వచ్చింది. నిలబెట్టి, మీలో ఎవరమ్మా మరిచింది అని నిదానంగా అడిగినాడు. అత్త జడ్జిని చూడలేదు, నన్ను చూసింది, మూడు దినాల తర్వాత మొదటిసారి.

"నువ్వెందుకే నోరు తెరిచినావు? నేనని నేను చెప్పినాను కదా!"

"నువ్వు చెప్పినావని నాకెట్ల తెలిసేదత్తా? మాట్లాడుకోవద్దని వకీలు సామి చెప్పినాడు గదా!"

కోర్టంతా గొల్లుమనింది. జవాను కేకలు పెట్టినాడు. జడ్జి మాత్రం నవ్వలేదు, మా ఇద్దరినీ అట్లే చూస్తా ఉన్నాడు. అత్త చేతులు జోడించింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుండాయి.

"తప్పు నాదే సామీ. నీళ్ళు మరిచింది ఈ పిల్లే. కొత్తకోడలు, కడుపుతో ఉండాది, ఊర్లో దీని చేతికి చెడ్డపేరు వస్తుందని నా మీద ఏసుకుంటిని. అది అబద్ధమే, జైలుకు పంపేటట్లయితే నన్ను పంపండి. చీమలు పట్టింది నిజం, మా పురుగు నాలుగు దినాలు చిన్నదయింది నిజం, ఆయప్పను చూసింది బుధవారం."

ఒక అబద్ధం చెప్పిన నోరు ఇంకొకటి చెప్పదా అని సర్కారు వకీలు లేచినాడు. జడ్జి చెయ్యెత్తి ఆపి, చనిపోయినాయన నీకేమవుతాడు అని అడిగినాడు.

"అన్న సామీ. నాకు పుట్టిల్లు ఆయనే."

"ఈ ముద్దాయి?"

"మాకు పడదు సామీ. ఈ ఊర్లో నాకు పడనోళ్ళు ఎవురంటే మొదట ఆయప్పే."

అప్పుడు ఎవరూ నవ్వలేదు. జడ్జి కలం తీసుకుని చాలాసేపు రాసినాడు. నెలా నెలన్నరకు తీర్పు వచ్చింది, ఆయప్పను విడిచిపెట్టినారు. తప్పు తన మీదంటే తన మీదని కొట్లాడుకునే ఇద్దరు ఆడవాళ్ళు పగవాణ్ణి కాపాడేదానికి కథ అల్లరని జడ్జి రాసినాడంట, ఆయప్ప వకీలు చెప్పినాడు.

కేసు కోర్టులో ముగిసింది గానీ ఊర్లో ముగిసిందా? ఎన్నేండ్లు నడిచిందో. అత్తాకోడళ్ళు కావాలనే ఒకరి మాటకొకరిది పొసగకుండా చెప్పినారు, అంత తెలివి వీళ్ళకు ఎట్లా వచ్చిందబ్బా అని కాఫీ హోటలు దగ్గర ఒక జట్టు. తెలివి కాదురా, మతిలేనితనమే కాపాడింది అని ఇంకొక జట్టు. బుధవారమైతే మాత్రం ఏమి, నాలుగు దినాల తర్వాత కప్పకూడదా అని మూడో జట్టు. పరగోడు బామ్మర్దిని కూడా ఒకసారి సంతలో నిలబెట్టి మళ్ళీ విచారణ చేసినారు, కోర్టులో కంటే ఎక్కువ చెమట పట్టిందంట ఆయనకు. చంపినోడు ఎవరో చివరికీ తెలియలేదు. అత్త వాళ్ళన్న పెండ్లాం ఏండ్ల తరబడి మాతో మాట్లాడలేదు. ఆమెను తప్పుపట్టేదానికి నాకు నోరు రాదు. అత్త మాత్రం ఆ ఇంటి ముందునుంచి పోయేటప్పుడు కొంగు తల మీదికి లాక్కునేది. ఒకసారి మాత్రం, ఎవరో ఒకరు దొరకాల్నని ఆయప్పను పట్టుకుంటిమే, అనింది నాతో.

నాకు చీమల కోడలని పేరొచ్చింది. మొదట్లో కన్నీళ్ళు పెట్టుకున్నాను. తీర్పు తర్వాతి పంటకు పురుగు పుట్టిన దినం అత్త పక్కింటి అవ్వనూ వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచి, పరాయివాళ్ళను రానియ్యని ఆ గది తలుపు బార్లా తెరిచి, వాళ్ళ ముందర నా చేత తొలి ఆకు వేయించింది. అవ్వ వంగి నాలుగు మూకుళ్ళూ చూసి, "ఈ నీళ్ళల్లో ఎనుములు ఈదొచ్చు గదమ్మే" అనింది. అందరితోపాటు నేనూ నవ్వినాను. ఆ పంట బాగా పండింది. అదే పంటలో, నాలుగో జ్వరం లేచినాక మాకు ఆకు చాలకపోతే, ఒక పొద్దున పొత్తు బావి ఆయప్ప బండినిండా ఆకు తెచ్చి మా వాకిట్లో దించి, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా బండి తిప్పుకుని పోయినాడు. అత్త గడపలో నిలబడి చూసింది, వద్దనలేదు. మాటలు మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ కలవలేదు.

ఇప్పుడు ఆ ఊరికి పోతే షెడ్లు ఉండాయి, పురుగు రెండో జ్వరం దాటినాకనే వ్యానులో వస్తుంది, ఒక్కో ఇంటికి ఒక్కో దినం. దినం కావాలంటే ఫోను చూస్తారు. పక్కింట్లో పురుగు ఎన్నో జ్వరంలో ఉండాదో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. టీవీలో ఆ కోటు వేసుకున్నోళ్ళు ఆ చచ్చినాయన ఇల్లు చూసినారా, ఆ సాక్షి ఎవరి అన్నను పోగొట్టుకున్నాడో తెలుసా? మా వాళ్ళూ అరిచేవాళ్ళే, మా వాళ్ళూ తప్పు మాట్లాడేవాళ్ళే. కానీ అరిచి పోయి ఆ వీధిలోనే పండుకోవాల, పొద్దున లేస్తే ఆయప్ప పెండ్లాం ఎదురుపడుతుంది.

కాఫీ హోటలాయన పోయినాడు. పక్కింటి అవ్వ పోయింది, ఆ పొత్తు బావి ఆయప్పా పోయినాడు, మామ పోయినాడు, అత్త పోయింది. మా ఆయన పోయి పదకొండేండ్లయింది. ఇప్పుడు నేను శుక్రవారమంటే శుక్రవారం, బుధవారమంటే బుధవారం. కాదే, ఆ దినం వాన పడింది, నువ్వు యాడుంటివే అప్పుడు, అని అడ్డం పడేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఈ పిల్ల నేను చెప్పిందంతా తల వంచుకుని రాసుకుంటా పోతాంది, ఒక్కసారన్నా అవునా అవ్వా అని అనుమానపడలేదు. చెప్పినదంతా నమ్మేవాళ్ళకు చెప్తాంటే నా మీద నాకే నమ్మకం పోతాంది. అందుకే పాపా, కలం పక్కన పెట్టు. మొదటినుంచి చదువు, పెద్దగా, నిదానంగా. నేను కండ్లు మూసుకుని వింటాను. యాడన్నా తప్పుంటే నేనే అడ్డం పడతాను.